గచ్చు ఇంట్లో మగ్గం గుంత

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మాకు ఇల్లు కట్టించింది సర్కారు. చూడవలసినవన్నీ మాత్రం మేమే చూశాం.

కోనరావుపేట దిక్కున ఉన్న మా ఊళ్లో ఆ ఎండాకాలం ఒక పొద్దున చాటింపు వేశారు. మండలాఫీసు నుంచి సార్లు వస్తున్నారట. ఇల్లు లేనివాళ్లకు పక్కా ఇళ్లు కట్టిస్తారట. ఎక్కడ కట్టాలో, ఎట్లా కట్టాలో, ముందుముందు ఊరు ఎట్లా బాగుపడాలో మమ్మల్నే అడుగుతారట. అందరూ ఊరి చావడికి, అదే మా కచ్చీరు దగ్గరికి, రావాలని డప్పు కొట్టి చెప్పారు. అప్పటిదాకా మా ఊరివాళ్లను ఏదైనా అడిగేందుకు వచ్చింది రెండు రకాలవాళ్లే. పోలీసులు వచ్చి అన్నలు వచ్చారా అని అడిగేవాళ్లు. తుపాకులతో అడవి నుంచి అన్నలు వచ్చి పోలీసులు వచ్చారా అని అడిగేవాళ్లు. నీకు ఇల్లు ఎట్లా కావాలని అడిగే మనిషి ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోలేదు. నాలుగు రోజులు మగ్గాలవాడలో అదే ముచ్చట. పక్కింటి సత్యవ్వకు స్లాబు కావాలి, పెంకులైతే కోతులు ఉండనియ్యవు. మా అత్త లసుమవ్వకు ఇళ్లన్నీ ఒకే వరసలో ఉండాలి, ముందర వీధి పొడుగ్గా ఉంటే పడుగు నూలు చాచుకోవడానికి వీలు. సిరిసిల్లకు బస్సు పోయే రోడ్డు కావాలని ఒకరు, బోరింగు కావాలని ఒకరు. నాకు ఇనుప చువ్వల కిటికీ ఒకటి కావాలి. ఎందుకంటే ఏం చెప్పను, మా పాత ఇంట్లో కిటికీయే లేదు.

ఇవన్నీ అరుగుల మీది మాటలు. కచ్చీరు దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్లకూ తాళాలు పడ్డాయి. సర్కారు ఊరి బయట రోడ్డు పక్కన జాగా చూసింది. అక్కడ స్లాబు ఇళ్లు లేస్తే పోలీసులు క్యాంపు పెడతారు, ఒప్పుకోవద్దు అని అన్నల మాటగా ఊళ్లో తిరుగుతోంది. రోడ్డు పక్కన సరే అంటే అన్నలు అడుగుతారు. వద్దంటే, ఈ మాట మీకు ఎవరు నేర్పారని ఎస్సై అడుగుతాడు. ఆ ఎస్సై కాస్త దూరంలో జీపులోనే కూర్చుని ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇళ్ల సారు మంచివాడే. నవ్వు మొహంతో అడిగాడు. రోడ్డు పక్కన కావాలన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. వద్దన్నవాళ్లు ఎత్తండి అన్నాడు. అప్పుడూ లేవలేదు. అసలు మీకు ఇళ్లు వద్దా అని అడిగాడు. అందరం నేల చూపులు చూశాం. అప్పుడు లేచాడు మా మామ నర్సింగం. మా ఆయన పరశురాములు వెనక నుంచి ధోతి పట్టుకుని గుంజుతూనే ఉన్నాడు.

"ఇల్లు ఏడ కట్టినా గదే సార్. గని లోపట గచ్చు పోయకుండ్రి. మగ్గం దింపుకోవాలె, మాకు గుంత కావాలె" అన్నాడు మామ.

జనం నవ్వారు. అన్నిటిలోకీ అడగడానికి గుంతే దొరికిందా అని. నవ్వినవాళ్లలో సగం మంది ఇళ్లలోనూ గుంత మగ్గాలే. మా మగ్గం నేల మీదనే ఉంటుంది. నేసే మనిషి అంచు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి దించి, కింద ఉన్న చెక్కలు తొక్కుతాడు. గుంత లేకపోతే మగ్గం లేదు. సారు కూడా నవ్వి, ప్లానులో గచ్చు ఉంది కాబట్టి గచ్చు పోయాల్సిందేననీ, తరవాత దాన్ని పగలగొడితే ఇల్లు రద్దు చేస్తారనీ చెప్పాడు. అటు చూస్తే, ఎస్సై జీపులోంచి వంగి కానిస్టేబులును ఏదో అడుగుతున్నాడు. కానిస్టేబులు మా మామను చూపించి ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు. వీడి చిన్న కొడుకే జలపతి అని చెప్పి ఉంటాడు.

మా మరిది జలపతి సిరిసిల్లకు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడపడానికి పోయి, అక్కడి నుంచి అటే అన్నల్లో కలిశాడని అంటారు. మాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. వాడు మళ్లీ మా గడప తొక్కలేదు. ఠాణా నుంచి కబురు వచ్చినప్పుడల్లా మా ఆయన పోయి కూర్చుని వచ్చేవాడు. వచ్చిన రోజు అన్నం తినేవాడు కాదు.

ఇళ్లు రోడ్డు పక్కనే కట్టారు. మిరుగు కార్తె వచ్చి వానలు మొదలుకాకముందే తాళాలు చేతికిచ్చారు. స్లాబు, రెండు గదులు, చువ్వల కిటికీ. ఉన్నమాట చెబుతాను, ఆ గచ్చు చూసి నేను మురిసిపోయాను. పెండతో అలకాల్సిన పని లేని నేల నా జన్మలో అదే మొదలు. మా అత్త వంగి అరచెయ్యి ఆనించి "సల్లగున్నది బిడ్డా" అంది. మామ మాత్రం లోపలికి రాలేదు. ఇంత పెద్ద ఇంట్లో నా కాళ్లు ఎక్కడ పెట్టుకోను అని గొణుక్కుంటూ పాత ఇంటికే పోయాడు. మేమూ ఆయన వెంటే పోయాం. నిజానికి చాలామంది పోలేదు కొత్త ఇళ్లలోకి. రోడ్డు మీద జీపు ఆగితే మొదట కనబడేది ఆ తలుపులే.

మా సంగతి వాన తేల్చింది. మొదటి ముసురుకే పాత ఇంటి వెనక గోడ కూలింది. సగం కప్పు మగ్గం మీద పడింది. పడుగు తడిసి బురద అయింది. ఇక చేసేదేముంది, చాపలూ గిన్నెలూ నెత్తిన పెట్టుకుని స్లాబు ఇంటికి వచ్చాం. వానలకు సత్యవ్వ, ఆమె మొగుడు సాంబయ్య వచ్చారు, మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాళ్ల ఇళ్లలో మగ్గాల కట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి, మావి కూలిన ఇంట్లోనే నానుతున్నాయి. నేసేది లేదు, తినేది తగ్గింది. గచ్చు పగలగొట్టడానికి ఎవరికీ ధైర్యం రాలేదు.

మా ఆయనకు వచ్చింది. ఆయన గడ్డపార పట్టుకుని వస్తే నేను అడ్డం నిలబడ్డాను. మగ్గం కోసం కాదు, గచ్చు కోసం ఏడ్చాను. ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది. "గచ్చు తింటమా సుమిత్రా?" అన్నాడాయన. అంతే, పక్కకు జరిగాను.

తలుపు వేసుకుని తండ్రీ కొడుకులు తవ్వారు. చప్పుడు బయటికి రాకుండా నేను వాకిట్లో రోలు పెట్టుకుని కారం దంచాను. లోపల గడ్డపార పడినప్పుడల్లా బయట నా రోకలి పడాలి. అంత కారం మాకు ఏడాదికి కూడా అక్కర లేదు. గచ్చు కింద పోసింది వదులు మొరం మట్టి, తవ్విన కొద్దీ అంచులు జారాయి. గట్టి నేల తగిలేదాకా పోయేసరికి, పాత గుంత కంటే ఇది వెడల్పూ అయింది, లోతూ అయింది. ఆ మన్ను ఇంటి ముందు పోస్తే ఇళ్ల సారు మనుషులకు తెలిసిపోతుంది. నాకొక తెలివి పుట్టింది. గంపలో మన్ను పోసి, పైన పిడకలు పేర్చి, నెత్తిన పెట్టుకుని వాగుకు మోశాను.

వాగు దగ్గర సత్యవ్వ ఎదురైంది. పిడకలు తీసుకుపోయి వాగులో ఎందుకు పారేస్తున్నావని అడిగింది. తడిసి చెడిపోయాయన్నాను. ఆమె గంప దిక్కు ఒకసారి, నా మొహం దిక్కు ఒకసారి చూసింది. చూసి తన దారిన తను పోయింది. దాచిన కొద్దీ చిన్న పని కూడా దొంగతనం అవుతుందని అప్పుడు నాకు తోచలేదు.

గుంత పక్కలకు ఎర్రమట్టి మెత్తి ఆరబెట్టాం. మగ్గం కట్టెలు ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాయి, నానినవాటిని మామ ఎండకు తిప్పుతున్నాడు. ఆ పొద్దున జీపు వచ్చింది.

ఎస్సై బూట్లతో లోపలికి వచ్చి గుంత అంచున నిలబడ్డాడు. చాలాసేపు దానిలోకే చూశాడు. అది మగ్గం గుంత అని మామ చేతులు కట్టుకుని చెప్పాడు.

"మగ్గం ఏదిరా?" అన్నాడు ఎస్సై.

ఆరుతోందని మామ చెప్పబోయాడు. ఎస్సై వినలేదు, మా ఆయన దిక్కు తిరిగాడు. "గుంత ఉంది, మగ్గం లేదు. తలుపులు వేసుకుని తవ్వారు. మట్టిని పిడకల కింద దాచి వాగులో పోశారు. కాళ్లు పెట్టుకునే గుంతకు ఇంత దొంగతనం ఎందుకు? తమ్ముడి తుపాకులు దాచడానికా?"

పిడకల మాట వినగానే గోడ పట్టుకున్నాను. ఆ తెలివి నాదే. ఎవరు చెప్పారో తెలియదు కానీ, నా అనుమానం సత్యవ్వ మీదికి పోయింది.

బనీను మీదనే మా ఆయనను తీసుకుపోయారు. నేను అంగీ పట్టుకుని జీపు దాకా ఉరికాను. ఆయన నా దిక్కు కాదు, వాళ్ల నాయన దిక్కు తిరిగాడు. "మట్టి మంచిగ ఆరినంక మగ్గం దింపు నాయినా. తొందర వడితే అంచులు కూలుతయ్" అన్నాడు. రేపు వచ్చేవాడి లాగానే అన్నాడు. అంగీ నా చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లో తీసుకుపోయినవాళ్లు ఏమవుతారో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. కొందరు ఇంటికి వచ్చేవాళ్లు. కొందరి పేర్లు పేపర్లో ఎదురుకాల్పులని వచ్చేవి. ఊరికి దూరంగా, ఏదో గుట్ట పేరు ఉండేది. మామ సర్పంచు ఇంటికి ఉరికాడు.

మా అత్త ఏడవలేదు. తలుపు దగ్గరికి వేసింది. కొడవలి తీసుకుని గుంతలోకి దిగింది. అడుగు మన్నును గీకడం మొదలుపెట్టింది. మూలలన్నీ గీకింది, మెత్తిన ఎర్రమట్టిని కూడా పెళ్లలుగా రాల్చింది. ఈమెకు మతి పోయిందా అనుకున్నాను. తరవాత అర్థమైంది. వెతుకుతోంది.

ఆమే చెప్పింది. "చిన్నోడు నాకు చెప్పకుంటనే పాయె. పెద్దోడు అన్ని చెప్తుండో లేదో నాకేం ఎరుక బిడ్డా."

ఆ మాటతో నాకూ అనుమానం పుట్టింది. ఎందుకంత లోతు తవ్వాడు? గట్టి నేల కోసమేనా? నేనూ గుంతలోకి దిగాను. అత్తాకోడళ్లం పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని, మా ఇంటి మగవాళ్లు తవ్విన గుంతను మళ్లీ తవ్వాం. ఏమైనా దొరుకుతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తవ్వాం. మొరం, రాళ్లు, మళ్లీ మొరం. ఇంకేమీ లేదు. అప్పుడు ఏడ్చింది మా అత్త. ఏడ్చి, ముక్కు చీది, మూలన ఉన్న గడ్డపార తీసుకుని బయటికి నడిచింది.

సాంబయ్య ఇంటి ముందు నిలబడి పిలిచింది. ఆయన ఆమెకు వరసకు తమ్ముడు.

"తమ్మీ, మీ ఇంట్ల గూడ గుంత తవ్వుండ్రి. అందరిండ్లల్ల ఉంటే, గది మగ్గానిదే అని వానికి ఎరుకైతది" అంది.

సాంబయ్య గడ్డపార దిక్కు చూశాడే కానీ ముట్టుకోలేదు. ఇల్లు రద్దవుతుందన్నాడు. ఇల్లు పోతే పోయింది, నన్ను కూడా జీపు ఎక్కిస్తే నా పిల్లల గతి ఏమిటన్నాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. అత్త వాడంతా తిరిగింది. కొందరు తరవాత చూద్దామన్నారు. కొందరు తలుపే తియ్యలేదు. చువ్వల కిటికీల్లోంచి కళ్లు కనబడ్డాయి. కిటికీలు వచ్చి మంచే అయింది, తలుపు తియ్యకుండానే చూడొచ్చు అని నాకు మండిపోయింది.

మామ వట్టి చేతులతో వచ్చాడు. సర్పంచు ఊళ్లో లేడని చెప్పారట, చెప్పులు మాత్రం వాకిట్లోనే ఉన్నాయట. ముగ్గురం గుంత చుట్టూ కూర్చున్నాం. పొద్దు తిరిగింది. అప్పుడు పక్కింట్లోంచి ధన్‌మని చప్పుడు వచ్చింది. గోడ అదిరింది. మళ్లీ వచ్చింది.

పోయి చూస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సత్యవ్వ కొంగు నడుముకు చుట్టి గచ్చు మీద గడ్డపార వేస్తోంది. సాంబయ్య నెత్తిన చేతులు పెట్టుకుని ఇల్లు పోతుంది, ఇల్లు పోతుంది అంటున్నాడు.

"పోనియ్. మగ్గం లేని ఇంట్ల కూసొని గోడలు నాకుతమా?" అంది సత్యవ్వ. నన్ను చూసి ఆగింది. "నేను ఎవ్వలకు చెప్పలే పిల్లా. చూసిన్నంటే చూసిన, గని చెప్పలే."

గంప తీసుకుని ఆమె తవ్విన మన్ను ఎత్తాను. ఈసారి పైన పిడకలు పెట్టలేదు. అందరూ చూసేట్టు ఇంటి ముందే కుప్ప పోశాను. రెండో గంప పోస్తుండగా అవతలి వరసలో ఇంకొక గడ్డపార మొదలైంది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వాడంతా ఒకటే దడదడ. నాకు ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధం. ఒక్కరిని తీసుకుపోయిన జీపు రేపు అందరినీ తీసుకుపోతుందేమోనని ఇంకా ఎక్కువ వణికాను. సాంబయ్య కూడా అంతలోనే లేచాడు. వాళ్ల మగ్గం వానకు తడవలేదు. తిట్టుకుంటూనే దాన్ని దింపి, పాత పడుగే ఎక్కించాడు.

మర్నాడు పొద్దెక్కాక జీపు వచ్చింది. లోపల మా ఆయన ఉన్నాడు. దాచిన తుపాకులు ఎక్కడున్నాయో చూపించమని తెచ్చారు. చూపించడానికి ఏమీ లేకపోతే ఆ జీపు ఇక్కడి నుంచి ఎటు పోతుందో తలుచుకోవడానికి కూడా నాకు భయమేసింది.

ఎస్సై దిగి వాడలో ఆగిపోయాడు. ప్రతి ఇంటి ముందూ మన్ను కుప్ప. ప్రతి తలుపూ తెరిచే ఉంది. ఒక ఇంట్లోకి పోయి చూశాడు. ఇంకొక ఇంట్లోకి పోయాడు. వరసంతా తిరిగాడు. మనుషులు తమ తమ గుంతల దగ్గర నిలబడ్డారు, ఒక్కరూ తల ఎత్తలేదు.

"నిన్న ఒక్క ఇంట్లోనే ఉంది. ఇవాళ ఊరంతా ఎవడి బొంద వాడు తవ్వుకున్నాడా?" అన్నాడు.

సత్యవ్వ తన గడపలోకి వచ్చింది. "కాళ్లు వెట్టుకునే గుంతలు సార్. ఇండ్లు ఎట్ల గావాలె అని అడిగిననాడే మా నర్సింగమన్న చెప్పిండు. మీరు గూడ ఉంటిరి."

మామ ముందుకు వచ్చాడు. మోకాళ్లు వంగక నేత మానేసి చాలా కాలమైన మనిషి. గోడ పట్టుకుని సత్యవ్వ ఇంట్లో మగ్గం ముందు కూలబడి, రెండు చేతులతో ఒక్కొక్క కాలే ఎత్తి గుంతలోకి దించుకున్నాడు. చెక్క తొక్కాడు, నూలు కండె ఉన్న నాడెను ఆ అంచు నుంచి ఈ అంచుకు విసిరాడు. బట్ట వేలెడు సాగేదాకా ఎస్సై వాకిట్లోనే నిలబడ్డాడు. ఏమనుకున్నాడో తెలియదు. నమ్మాడని కూడా చెప్పలేను. వాడలోవాళ్లందరినీ జీపులో ఎక్కించలేననుకున్నాడేమో. జీపు వెనక తలుపు తీయించాడు. పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి, మా ఆయనను దింపి పోయాడు.

దిగడమంటే దిగలేదు, జారాడు. సాంబయ్య పట్టుకోకపోతే మన్ను కుప్ప మీదే పడేవాడు. అరికాళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. లోపలికి ఎత్తుకుపోయి పడుకోబెట్టాం. మా అత్త ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని వేడి నీళ్ల గుడ్డ అద్దింది. ఆయన నన్ను అడిగింది ఒకటే, గుంత పక్కల మట్టి ఎందుకు రాలిందని. తేమకు రాలిందని చెప్పాను.

ఇళ్ల సారు మళ్లీ మా ఊరికి రాలేదు. ఇళ్లు రద్దు కాలేదు, బోరింగూ రాలేదు. మా భయం మాత్రం రెండింతలయింది. పోలీసులు ఊరికే ఎందుకు విడిచిపెట్టారు, ఏం చెప్పి వచ్చాడు అని ఇక అన్నలు వచ్చి అడుగుతారేమో. పొద్దంతా ఒకరికి భయపడ్డాం, పొద్దు గూకితే ఇంకొకరికి.

శ్రావణం నాటికి మామ మగ్గం దింపించాడు. కానీ తొక్కడానికి కాళ్లు ఎక్కడివి? మా ఆయన గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే పాదాలు మంటలెత్తేవి. మా ఇళ్లలో ఆడవాళ్లం కండెలకు నూలు చుడతాం, పడుగు సరిచేస్తాం, గుంతలోకి మాత్రం దిగం. దిగాలె, ఇంకో దారి లేదంది మా అత్త. చీర కుచ్చెళ్లు ఎగదోపి నేను దిగాను. మామ పక్కన కూర్చుని ఏ చెక్క ఎప్పుడు తొక్కాలో చెప్పేవాడు. మొదటి బట్ట వంకరటింకరగా వచ్చింది. మా ఆయన లోపలి గదిలో పడుకుని, చప్పుడు వింటూనే నా తప్పులు చెప్పేవాడు. ఆ తప్పులు చెప్పేటప్పుడే ఆయన గొంతు కాస్త మునుపటి లాగా ఉండేది. మిగతా వేళల్లో రోడ్డు మీద ఏ బండి పోయినా కాళ్లు కడుపులోకి ముడుచుకునేవాడు. అప్పుడు ఎంత పిలిచినా పలికేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆడుతున్నాయి. రోడ్డు మీద జీపు చప్పుడు దూరంగా మొదలైంది. పక్కింట్లో సత్యవ్వ వాళ్ల మగ్గం ఆగింది. అవతలిది ఆగింది. ఒకదాని వెనక ఒకటి వాడంతా ఆగింది. ఆగి, జీపు మా మూల తిరుగుతుందా, ముందుకు పోతుందా అని చెవులు పెట్టింది. మామ నా చెయ్యి పట్టుకుని ఆపమన్నట్టు చూశాడు.

నేను ఆపలేదు. ధైర్యం కాదు, గుంతలో నా కాళ్లు గడగడ వణుకుతున్నాయి. కానీ నా మగ్గం ఆగితే లోపల పడుకున్న ఆయనకు జీపు చప్పుడు వినబడుతుంది. చెక్కలు ఇంకా గట్టిగా తొక్కాను.